ప్రశ్న ఆయననే అడగాలి

శ్రీకాకుళం

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

‘ది డైవింగ్ బెల్ అండ్ ది బటర్‌ఫ్లై’ సినిమా మీద నువ్వు విజయనగరం నుంచి పంపిన వ్యాసం అందింది. వాక్యం నడపడం నీకు చేతనవును, అందుకు సందేహం లేదు. అయితే మొదటి పేజీలోనే ‘విధివంచితుడు’, ‘మొక్కవోని ఆత్మస్థైర్యం’, ‘స్ఫూర్తిప్రదాత’ వరసకట్టి నిలబడ్డాయి. సన్మానపత్రాల్లో అరిగిపోయిన మాటలు ఇవి. వీటిని కొట్టేసి చూడు, ఆ పేజీలో సినిమా చూసిన మనిషి కనబడదు.

వ్యాసం కంటే దానితో పెట్టిన ఉత్తరం నాకు బాగా నచ్చింది. పక్షవాతంతో మాట పడిపోయిన మీ పెద్దనాన్నగారిని వైకల్య ధ్రువపత్రం కోసం సదరం శిబిరానికి ఆటోలో తీసుకెళ్తే, డాక్టరు ప్రశ్నలన్నీ మీ నాన్నగారినే అడిగారని, పెద్దనాన్నగారు మాత్రం అడుగుతున్నవాళ్ల ముఖాలవైపు మార్చి మార్చి చూశారని రాశావు. ఇంటికి వచ్చే బంధువులూ అంతేనట. బత్తాయిల సంచి మంచం పక్కన పెట్టి, ‘అన్నం తింటున్నాడా?’ అని మీ పెద్దమ్మగారిని అడుగుతారట. అమ్మాయీ, నీ సమీక్ష అక్కడుంది. వ్యాసంలోకి ఎందుకు రానివ్వలేదు?

ఆ సినిమా మొదలయ్యే తీరు గుర్తు తెచ్చుకో. పారిస్‌లో ‘ఎల్’ పత్రిక సంపాదకుడు జాన్ డొమినిక్ బోబీకి 1995 డిసెంబరులో పక్షవాతం వచ్చింది. అప్పటికి ఆయన వయసు 43. తెలివి చెక్కుచెదరలేదు, కానీ ఒంట్లో చెప్పినమాట వినేది దాదాపు ఎడమ కనురెప్ప ఒక్కటే. దర్శకుడు జూలియన్ ష్నాబెల్ మనల్ని ఆ మంచం పక్కన నిలబెట్టి అయ్యో అనిపించవచ్చు. అలా చేయలేదు. కెమెరాను ఆయన కంట్లో పెట్టాడు. మసక మసకగా, మరీ దగ్గరికి వంగే డాక్టర్ల ముఖాలు. పనిచేయని కుడికంటిని కుట్టేస్తుంటే రెప్ప లోపలి నుంచి చూస్తాం. ఆయన ముఖం చాలాసేపు మనకు కనబడనే కనబడదు. మనసులో ఆయన అనుకునేవి మనకు వినబడతాయి, చుట్టూ ఉన్నవాళ్లకు వినబడవు. నువ్వు దీన్ని ‘అద్భుతమైన ఛాయాగ్రహణం’ అని ఒక్క ముక్కలో దాటేశావు. నన్నడిగితే సినిమా ప్రాణమే అది.

ఫోను బిగించడానికి వచ్చిన ఇద్దరి దృశ్యం కూడా నువ్వు వదిలేశావు. మాట్లాడలేని మనిషికి ఫోనెందుకని వాళ్లు మొరటుగా పరాచికాలాడతారు. మాట నేర్పే అమ్మాయికి ఒళ్లు మండుతుంది. బోబీ మాత్రం లోలోపల నవ్వుకుంటాడు. జాలిపడేవాళ్లకు ఈ నవ్వు మింగుడుపడదు. ఆయనకు కోపం, వెటకారం, ఆడవాళ్ల మీద మోజు అన్నీ అలాగే ఉన్నాయి. వాటిని దాచి దేవుణ్ణి చేస్తే మంచం మీది మనిషికి జరిగేది ఇంకో అన్యాయం. ఇక్కడి కథల గ్రంథాలయం కథానిలయానికి వచ్చినప్పుడు పాత పత్రికలు తిరగెయ్యి. మన కథల్లో కుంటివాళ్లు, గుడ్డివాళ్లు ఎంతసేపూ ఎదుటివాళ్ల మంచితనం బయటపెట్టడానికే ఎలా వస్తుంటారో నీకే తెలుస్తుంది.

ఒక పని చెబుతాను, చేసి చూడు. ఫ్రెంచిలో ఎక్కువగా వాడే అక్షరాలు ముందు వచ్చేలా వరస మార్చి ఒకరు చదువుతుంటే, కావలసిన అక్షరం దగ్గర బోబీ రెప్ప కొట్టేవాడు. రాసుకునేవాళ్లు రాకముందే వాక్యాలను తలలో దిద్దుకుని కంఠతా పెట్టుకునేవాడు. ఈ సినిమాకు ఆధారమైన ఆయన పుస్తకం అలా పుట్టింది, 1997 మార్చిలో వచ్చింది. వచ్చిన కొద్దిరోజులకే ఆయన పోయాడు. నువ్వు మీ తమ్ముణ్ణి కూర్చోబెట్టుకుని నీ వ్యాసంలోని ఒక్క వాక్యాన్ని రెప్పతో రాయించు. మనకైతే హల్లు, తర్వాత గుణింతం, ఆపైన వత్తు. ‘మొక్కవోని’ పూర్తయ్యేలోపే అది అక్కర్లేదని నీకే తోస్తుంది.

ఇంకొకటి. జీవితకథా చిత్రాన్ని జీవితమే అనుకోకు. బోబీకి పిల్లలు ఇద్దరు, సినిమాలో ముగ్గురు. చిన్న మార్పే, కానీ ‘ఆయన ముగ్గురు బిడ్డల తండ్రి’ అని నువ్వు రాసేశావు. పుస్తకం కూడా చదివి, ఏది ఎక్కడిదో విడదీసి చెప్పు.

నటన గురించి నువ్వు రాసిన పేరా బాగుంది, దాని జోలికి పోకు. కాన్ చిత్రోత్సవంలో వచ్చిన బహుమతి సంగతి ఒక వాక్యం చాలు.

తిరగరాసేటప్పుడు మీ పెద్దనాన్నగారిని తప్పక తీసుకురా. పత్రికకు పంపేముందు మాత్రం ఆ భాగం ఆయనకు చదివి వినిపించు. మీ నాన్నగారిని కాదు, ఆయననే అడుగు. ఔను, కాదు ఆయన ఎలా చెబుతారో ఇంట్లో ఉన్నదానివి, నీకు తెలుసు. వద్దంటే ఆ పేరా తీసేసి మిగతాది పంపు.