బార్‌లో పనిచేస్తే కొడుకు తాగుబోతు అవుతాడా?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చివరి ఏడు చదువుతున్నాడు. ట్రైనింగ్‌లో మూడు వారాలు బార్‌లో వేశారట. అప్పటి నుంచి బార్‌టెండర్ అవుతానని పట్టుబట్టాడు. ఫ్రంటాఫీస్‌లో, అంటే రిసెప్షన్‌లో ఉద్యోగం వచ్చేలా ఉంటే వద్దంటున్నాడు. ‘మిక్సాలజీ’ (కాక్‌టెయిల్స్ కలపడం) కోర్సుకి ఈ నెలాఖరులోగా ఫీజు కట్టమంటున్నాడు, ఆ తర్వాత క్రూయిజ్ షిప్‌కి వెళ్తాడట. మా నాన్న సారాకే పోయాడు. ఆ సంగతి వాడికి తెలియనివ్వలేదు. రేపు సంబంధాలొస్తే ఏమని చెప్పుకోవాలి? ఫ్రంటాఫీసా, బారా, రెండూ పోల్చి చెప్పండి.
– ఒక తల్లి, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, పోల్చమన్నారు, పోలుస్తాను. కానీ మీ టెన్షన్ జీతాల గురించి కాదు. ‘మా నాన్న పోయిన దారిలోనే నా కొడుకూ పోతాడా’ అని. ఈ ప్రశ్న నన్ను చాలామంది తల్లులు అడిగారు, ఒక్కొక్కరు ఒక్కో రకంగా. మీది దూబగుంట ఉన్న జిల్లా. ఆ ఊళ్లో ఆడవాళ్లు సారా దుకాణం మూయిస్తే 1992లో రాజుకున్న ఉద్యమం, 1995లో రాష్ట్రమంతా మద్యనిషేధం దాకా వెళ్లింది. ఆ గడ్డ మీద పుట్టి, ఆ చావు ఇంట్లోనే చూసిన మీకు బార్ అనే మాట వింటేనే గుండె గుభేలుమనడంలో తప్పేమీ లేదు.

ప్రమాదం లేదని నేను అబద్ధం చెప్పను. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2001 నుంచి 2005 దాకా జరిగిన మద్యం మరణాలను వృత్తులవారీగా లెక్కతీస్తే, బార్లు నడిపేవాళ్లు, బార్ సిబ్బంది పై వరసలో తేలారు. చేతికందే దూరంలో సీసా, అర్ధరాత్రి దాటాక అలసట, ‘నా కోసం ఒక్కటి వెయ్యి’ అనే కస్టమరు. ఈ మూడూ కలిసే చోటు అది.

అయితే మీరు చూడని ఇంకో దృశ్యం ఉంది. నా దగ్గర సలహా తీసుకున్న ఒక అబ్బాయి హైదరాబాద్‌లో ఒక కాక్‌టెయిల్ బార్‌లో పనిచేస్తున్నాడు. ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి, ఇంకా తలుపులు తీయకముందే రమ్మన్నాడు. వెళ్లేసరికి ఆప్రాన్ కట్టుకుని బుట్టెడు నిమ్మకాయలు పిండుతున్నాడు. తర్వాత ఒక గిన్నెలో పాలు పోసి, రమ్ము, టీ డికాక్షన్, నిమ్మరసం కలిపిన మిశ్రమాన్ని అందులోకి నెమ్మదిగా వంపాడు. పాలు విరిగాయి. దాన్ని కాఫీ ఫిల్టర్ కాగితంలో వడకట్టాడు. మొదట తెల్లగా మసకగా దిగింది. దిగినదాన్నే మళ్లీ ఆ విరుగుడు మీద పోశాడు. ఈసారి నీళ్లంత తేటగా, చుక్క చుక్కగా పడింది. టీలోని వగరునీ రంగునీ విరిగిన పాలు పట్టుకుని పైనే ఉంచేస్తాయని చెప్పాడు. రుచి ఎలా చూస్తావని అడిగాను. స్ట్రా ముంచి, పైకొస వేలితో మూసి, నాలుక మీద రెండు చుక్కలు వదిలాడు. స్ట్రా పారేశాడు. నేనున్న రెండు గంటల్లో అతను తాగింది మంచినీళ్లే. షిఫ్టులో తాగితే ఆ రోజే ఇంటికి పంపేస్తారట అక్కడ.

అన్ని బార్లూ అలా ఉండవు. పని అయ్యాక సిబ్బందికి ఊరికే పోసే చోట్లూ ఉన్నాయి. అందుకే, ‘మీ సిబ్బంది షిఫ్టులో తాగుతారా, షిఫ్టు అయ్యాక పోస్తారా’ అని మీ అబ్బాయి ఇంటర్వ్యూలో తనే అడగాలి. సూటిగా జవాబు చెప్పని చోట చేరకూడదు.

పని కూడా మనం ఎరిగిన పని కాదిప్పుడు. 30 ఎం.ఎల్. స్మాల్, 60 లార్జ్, పక్కన సోడా, పల్లీలు. మనకు తెలిసిన బార్ అదే. తర్వాత సీసాలు గాల్లోకి ఎగరేసే మోజు వచ్చింది. పెళ్లి సంగీత్‌లకు వాళ్లను ఇప్పటికీ పిలుస్తున్నారు. పెద్ద నగరాల్లో మాత్రం ఈ పని వంటింటి వైపు మళ్లింది. మన దేశపు జిన్ బ్రాండ్లు గ్రేటర్ దాన్ 2017లో, స్ట్రేంజర్ అండ్ సన్స్ 2018లో వచ్చి దేశీ జిన్‌కి గిరాకీ తెచ్చాయి. 2009లోనే జీఐ (భౌగోళిక) గుర్తింపు పొందిన, జీడిమామిడి పండ్లతో కాచే గోవా మద్యం ఫెనీ ఇప్పుడు మంచి బార్లలో కనిపిస్తోంది. చింతపండు, ఉసిరి, పచ్చిమామిడి, కరివేపాకు మెనూలోకి ఎక్కాయి. ఉసిరికాయ ఎంత ఉప్పులో ఎన్నాళ్లు ఊరాలో మీకు తెలిసినట్టు ఆ బార్లలో చాలామందికి తెలియదు. మీ పక్కన నిలబడి మీ అబ్బాయి నేర్చుకున్నది అక్కడ పనికొస్తుంది. మందు లేని డ్రింకులకు మెనూలో విడిగా ఒక పేజీ ఇస్తున్నారు. అవి కలపడం మామూలు కాక్‌టెయిల్ కన్నా కష్టం, ఎందుకంటే రుచిలో తప్పును కప్పేయడానికి అందులో మందు ఉండదు. 90లలో ఢిల్లీలో ఒక హోటల్ బార్‌లో మొదలుపెట్టిన యాంగ్‌డుప్ లామా, తర్వాత భాగస్వామితో కలిసి ‘సైడ్‌కార్’ అనే బార్ తెరిచారు. 2022లో అది ప్రపంచంలోని 50 ఉత్తమ బార్ల జాబితాకి ఎక్కింది.

లెక్కలూ రావాలి. 60 పోయాల్సిన చోట చెయ్యి జారి 65 పోస్తే, 750 ఎం.ఎల్. సీసాకి ఒక లార్జ్ మాయం. రాత్రికి ఎన్ని సీసాలు ఖాళీ అవుతాయో అన్ని లార్జ్‌లకు లెక్క చెప్పాలి. చేతికొలత నిలకడగా ఉన్నవాడినే మేనేజర్ నమ్ముతాడు.

ఇక నా అనుమానమంతా ఆ కోర్సు మీదే. ‘మిక్సాలజిస్ట్’ అన్న పేరు, నల్ల ఆప్రాన్, ఇన్‌స్టాగ్రామ్‌లో పొగలు కక్కే గ్లాసు. వీటిని చూపించి పిల్లల చేత ఫీజులు కట్టిస్తున్నారు. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు అలాగే కట్టాడు. వారాల తరబడి ఖాళీ సీసాల్లో రంగునీళ్లు పోసి పోయడం ప్రాక్టీస్ చేయించారు. సర్టిఫికెట్ పట్టుకుని బార్‌కి వెళ్తే బార్‌బ్యాక్‌గా తీసుకున్నారు. అంటే ఐస్ మోయడం, గ్లాసులు తుడవడం, పండ్లు కోయడం. అదే వారం ఏ కోర్సూ చేయని ఇంకొకడినీ అదే పనిలోకి, అదే జీతానికి తీసుకున్నారు. కుర్రాడు ఫోన్‌లో ఏడ్చాడు. అప్పు తెచ్చి కట్టిన ఫీజు అది.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. ఇప్పుడు చాలా బార్లలో కాక్‌టెయిల్స్ పగలే సీసాలకొద్దీ కలిపి ఫ్రిజ్‌లో పెడుతున్నారు. రాత్రికి ఐస్ మీద పోసి ఇవ్వడమే. రెసిపీ రాసేది ఒకరు, పోసేది మిగతావాళ్లంతా. మీ అబ్బాయి కల కంటున్నది ఆ ఒక్క కుర్చీ కోసం. అది దొరుకుతుంది, కానీ ఏళ్లు పడుతుంది. ఈలోగా ప్రభుత్వం నుంచో కోర్టు నుంచో ఒక్క ఉత్తర్వు వస్తే చాలు, బార్ మూతపడుతుంది. 2017 ఏప్రిల్‌లో హైవేల పక్కన ఉన్న బార్లు సుప్రీంకోర్టు తీర్పుతో మూతపడ్డాయి, 2020లో కరోనాకి నెలల తరబడి తాళాలు వేశారు. సర్వీస్ చార్జీ బిల్లులో బలవంతంగా వేయకూడదన్న నిబంధనలను 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. అది కస్టమరుగా మనకు న్యాయమే. ఆ డబ్బులో వాటా వచ్చే సిబ్బందికి మాత్రం నెల చివర తేడా తెలుస్తుంది.

కాబట్టి ఫీజు కట్టకండి. ట్రైనింగ్ చేసిన హోటల్లోనే ఫుడ్ అండ్ బెవరేజ్ (ఎఫ్ అండ్ బీ) విభాగంలో చేరి, బార్‌లో వేయమని అడగమనండి. ఏడాది పనిచేశాక కూడా ఇదే మాట మీద ఉంటే, అప్పుడు లండన్‌లోని వైన్ అండ్ స్పిరిట్ ఎడ్యుకేషన్ ట్రస్ట్ (డబ్ల్యూఎస్ఈటీ) వాళ్ల స్పిరిట్స్ పరీక్షకి కడదాం. ఆ సర్టిఫికెట్‌కి విదేశాల్లోనూ విలువ ఉంది.

క్రూయిజ్ మోజు నాకు అర్థమవుతుంది, డాలర్లు. కాంట్రాక్టు ఉన్న ఆరు నుంచి తొమ్మిది నెలలూ వారాంతపు సెలవు ఉండదు. ఉద్యోగం ఇప్పించినందుకు ఏజెంటు డబ్బు అడిగితే అక్కడితో మాట ఆపేయాలి, అది నిబంధనలకు విరుద్ధం. ఏజెన్సీకి కేంద్ర ప్రభుత్వ నౌకాయాన విభాగం డీజీ షిప్పింగ్ లైసెన్స్ ఉందో లేదో చూసుకోవాలి.

ఫ్రంటాఫీస్ సంగతి. అక్కడా నైట్ షిఫ్టులే, అక్కడా నిలబడే ఉండాలి, మొదటి జీతమూ గొప్పగా ఉండదు. బట్టలు మాత్రం అమ్మకి నచ్చేలా ఉంటాయి. బార్ నుంచి బెవరేజ్ మేనేజర్, ఎఫ్ అండ్ బీ మేనేజర్ దాకా దారి ఉంది. అయితే నడుమూ మోకాళ్లూ సహకరించినంత కాలమే కౌంటర్ వెనక నిలబడగలం, 35 ఏళ్లలోపు మేనేజర్ వైపు జరగాలి. నా తూకంలో రెండూ ఇంచుమించు సమానమే. మీ అబ్బాయికి ఏ పని మీద చెయ్యి ఆడుతుందో చూడండి.

ఇక మిమ్మల్ని ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. హోటల్ మేనేజ్‌మెంట్‌లో మీరే చేర్పించారు. అందులో బెవరేజ్ సర్వీస్ పాఠం ఉంటుందని అప్పుడు ఎందుకు అడగలేదు? సంబంధాల వాళ్లకు ఏం చెప్పాలని ఇప్పటినుంచే దిగులు పడుతున్నారు. హోటల్లో, బార్‌లో పని అని ఉన్నదే చెప్పండి. దాచాల్సినంత తప్పు పని వాడేమీ చేయడం లేదు. కానీ దాచకూడనిది ఒకటి దాచారు. తాగుడు బానిసత్వం కుటుంబాల్లో దిగే జబ్బు. అలా పోయిన తాత ఉన్న మనవడు మిగతావాళ్లకన్నా జాగ్రత్తగా ఉండాలి. వాడికి ఆ సంగతే తెలియకుండా ఏం జాగ్రత్త పడతాడు? నాన్నని తలుచుకుంటే మీకు నోరు పెగలదని తెలుసు. అయినా చెప్పాల్సింది మీరే.

ఈ ఆదివారం ఇంటికి రమ్మనండి. మీ నాన్నగారి ఫొటో ఉంటే తీసి పెట్టండి. ఎలా మొదలైందో, ఆఖరి నెలల్లో ఇల్లు ఎలా ఉండేదో మొత్తం చెప్పండి. విన్నాక కూడా బార్‌లోనే చేరతానంటే, ఏ హోటలో, ఆ బార్‌లో సిబ్బంది తాగుడు మీద రూల్ ఏమిటో కనుక్కుని నాకు రాయమనండి. ఈసారి ఉత్తరం వాడినే రాయమనండి.