కోశాధికారి అయిన మేనల్లుడికి

గుంటూరు, కొత్తపేట

చిరంజీవి అల్లుడికి, ప్రభువు నామంలో శుభాలు.

విజయవాడ సింగ్ నగర్‌లో మీ పెంతెకొస్తు సంఘానికి నిన్ను కోశాధికారిగా పెట్టారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వచ్చే నెల మూడు రాత్రులు ఆశీర్వాద సభలనీ, ఆ కానుకల లెక్కంతా నీ చేతికే వస్తుందనీ టెన్షన్ పడుతున్నావట. పడాల్సిందే. ఆ కుర్చీలో నేను పదకొండేళ్ళు కూర్చున్నాను.

ముందు నా తప్పు చెబుతాను. ఎవరు ఎంత ఇచ్చారో ఆరాధన చివర మైకులో చదివే పని నాది. పెద్ద మొత్తం వస్తే చప్పట్లు. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకి తొడిమలు తీసే ఒకావిడ ఎప్పుడూ రెండో వరసలో కూర్చునేది. ఒకసారి బయటినుంచి వచ్చిన బోధకుడు, కానుకే విత్తనం, అవసరం ఎంత పెద్దదైతే విత్తనం అంత పెద్దది వేయాలన్నాడు. ఆవిడ డ్వాక్రా అప్పులోంచి ఐదు వేలు తీసి వేసింది, కొడుక్కి ఫిట్స్ తగ్గాలని. నేను పేరు చదివి చప్పట్లు కొట్టించాను. ఫిట్స్ తగ్గలేదు. విశ్వాసం చాల్లేదేమో అని మనవాళ్ళే అన్నారు. ఆవిడ వెనక వరసకి జరిగింది, తర్వాత గుమ్మం దగ్గరికి, ఆ తర్వాత రావడమే మానేసింది. డ్వాక్రాలో ఒకరు వాయిదా తప్పితే గ్రూపంతటికీ ఇబ్బంది కదా, ఆ ఆడవాళ్ళతోనూ మాటలు పోయాయి. గ్రూపులో సగం మంది మా సంఘస్థులే.

ఐదు వేలు ఎలాగో తీరతాయి అల్లుడూ. ఆవిడ తన కష్టాన్ని మా మధ్య చెప్పుకోలేకపోయింది, నన్ను తినేసేది అదీ. కష్టమంటే శాపమని నేర్పాక కష్టంలో ఉన్నవాడు నోరు విప్పడు. విప్పకపోతే పక్కనే కూర్చున్నవాడికి తెలియదు. నీ పని మొత్తం ఇక్కడే ఉందనుకో.

అలాగని పెంతెకొస్తు వాళ్ళంటే నాకు చిన్నచూపని అనుకోకు. 1842లో మిషనరీ హేయర్ దొర గుంటూరు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ పనిలోంచి వచ్చిన కుటుంబం మాది. మా గుళ్ళో కూలికెళ్ళే ఆడమనిషి మైకు పట్టుకోవడం నేను చూడలేదు. మీ దగ్గరే చూశాను. ఏళ్ళ తరబడి తాగినవాడు మానేసి ఇంటికి బియ్యం తెచ్చుకోవడమూ అక్కడే చూశాను. నీ రాత ఇంతే అని తాతల నాటినుంచి విన్నవాడికి, నువ్వు బాగుపడతావు అని ఒకరు చెబితే పరిగెత్తుకుని వెళ్ళడా మరి! ఆ మాటకి రేటు కట్టినప్పుడే చిక్కు. ఈ విత్తనం కానుక బోధ అమెరికాలో ఓరల్ రాబర్ట్స్ లాంటి టీవీ బోధకులు ప్రచారం చేసింది. నకిలీ మిరప విత్తనాలతో నష్టపోయిన రైతుల్ని మన జిల్లాలో ఎంతమందిని చూడలేదు? విత్తనాల కొట్టువాడు బిల్లన్నా ఇస్తాడు. పంట రాకపోతే నీకు విశ్వాసం లేదని మాత్రం అనడు.

సభలకి ముందే పాస్టరుగారింటికి ఒక్కడివే వెళ్ళు. కమిటీలో నలుగురి ముందు ఎత్తకు, పరువు సమస్య అవుతుంది. మా పాస్టర్లకి జీతం ఉంటుంది. మీ పాస్టరుగారి ఇంటద్దె, పిల్లల ఫీజులు కానుక సంచిలోంచే రావాలి. సంచి బరువు చూసుకుని ప్రసంగం చెప్పాల్సి రావడం ఆయనకీ బాధే. నెలకింత అని కమిటీ చేత ఖాయం చేయించు. అది జరిగితే సగం గొడవ ప్రసంగ పీఠం ఎక్కకముందే తగ్గుతుంది.

పేర్లు చదవడం ఆపించు. పేరు లేని కవర్లు పెట్టు. లెక్కపెట్టేటప్పుడు ఇద్దరు ఉండాలి, ఒకరు ఆడవాళ్ళు కావాలి, మొత్తం బోర్డు మీద రాయాలి. అప్పు తెచ్చి ఇస్తున్నారని తెలిస్తే ఎవరూ లేనప్పుడు ఇంటికెళ్ళి తిరిగిచ్చెయ్. తీసుకోనంటే ఆ అప్పు వాయిదాకే కట్టు.

దశమ భాగం, అంటే రాబడిలో పదో వంతు, దేవుడికివ్వాలని బైబిల్లో మలాకీ 3వ అధ్యాయం ఎవరైనా చదివితే, ద్వితీయోపదేశకాండం 14 కూడా తెరవమను. మూడేళ్ళకోసారి ఆ పదో వంతు ఊళ్ళోనే ఉంచి గుడి సేవ చేసే లేవీయులు, పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవరాళ్ళు తృప్తిగా తినాలని ఉంది. మీ స్త్రీల సమాజం పిడికెడు బియ్యం పట్టే అలవాటు మానేసిందట, దాన్ని మళ్ళీ మొదలుపెట్టించు. ఆసుపత్రి ఖర్చులకని ఒక డబ్బా విడిగా ఉంచు.

దేవుడు తమకి చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయం గురించి కాస్త మొండిగానే ఉండు. బైకు కొన్నవాడూ వీసా వచ్చినవాడూ చెప్పుకోనీ. వాళ్ళ తర్వాత, ఇంకా ఏమీ జరగని ఒకరికి మైకు ఇవ్వాలి. 'మా ఆయనకి డయాలసిస్, అలాగే ఉంది, ప్రార్థన చేయండి' అన్నా అది సాక్ష్యమే. మొదట్లో ఎవరూ లేవరు. నువ్వే లేచి నీ ఇంటి లోను సంగతి చెప్పు.

2024 సెప్టెంబరులో బుడమేరు మీ వీధుల్లోకి వచ్చినప్పుడు దశమ భాగం ఇచ్చినవాళ్ళ ఇల్లేదో, ఇవ్వనివాళ్ళ ఇల్లేదో చూసుకుని రాలేదు. మీ ఇంటి మేడ మీద హిందువులు, ముస్లింలు, మనవాళ్ళు కలిసి వండుకున్నారని నువ్వే చెప్పావు. ఆ వారం ఎవరు శపించబడ్డారని ఎవరూ అడగలేదు కదా. సభల్లో ఎవరైనా అలాంటి మాటలు మాట్లాడితే పాస్టరుగారికి ఆ మేడ గుర్తుచెయ్.

ఆ తొడిమలు తీసే ఆవిడ ఇప్పుడు పాత గుంటూరులో చెల్లెలి దగ్గర ఉంటోంది. కిందటి క్రిస్మస్‌కి మీ అత్తయ్య అరిసెలు పట్టుకెళితే లోపలికి పిలిచి టీ ఇచ్చిందట. నేను ఇంకా వెళ్ళలేదు.

మీ మామయ్య