ఐస్ హాకీ డ్రాఫ్ట్ కుర్రాళ్ల నైపుణ్యాన్నీ కష్టపడే గుణాన్నీ ఎలా చూడాలి? మేనల్లుడికి ఒక లేఖ

ఎడ్మంటన్

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

జూనియర్ ఐస్ హాకీ లీగ్ ఆటలు చూసి డ్రాఫ్టుకు, అంటే ఎన్‌హెచ్ఎల్ అనే పెద్ద లీగ్ జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను ఒకరి తర్వాత ఒకరుగా ఎంచుకునే కార్యక్రమానికి, వచ్చే కుర్రాళ్ల మీద నివేదికలు రాసే పని నీకు దొరికిందని తెలిసి చాలా సంతోషించాను. నువ్వు పంపిన రెండు నివేదికలనూ శ్రద్ధగా చదివాను. ఒక వింగర్ (పక్క నుంచి దాడి చేసే ఆటగాడు) గురించి "నైపుణ్యం అపారం, కష్టపడే గుణం తక్కువ" అనీ, మరొకడి గురించి "నైపుణ్యం పరిమితం, గొప్ప కష్టజీవి" అనీ రాసి, ఎవరిని ముందు పెట్టాలని అడిగావు. మన వైపు హాకీ అంటే గడ్డి మీద ఆడే ఆటే కనుక నేనూ ఈ ఐస్ ఆటను ఇక్కడికి వచ్చాకే నేర్చుకున్నాను. అయినా ఇరవై ఏళ్లకు పైగా ఈ రింకుల చలిలో కూర్చుని ఇదే పని చేశాను కాబట్టి నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను.

ముందుగా, ఆ రెండు గుణాలనూ త్రాసులో చెరో పళ్లెంలో పెట్టకు. నైపుణ్యం అనేది ఒకే ముద్ద కాదు. ఆటను ముందే పసిగట్టే చూపు, ఇరుకులో పక్‌ను (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లను) అదుపులో ఉంచే చేతులు పదిహేడేళ్లకు చాలావరకు స్థిరపడిపోతాయి. స్కేటింగ్ తీరు, ఒంటి బలం, షాట్ విడిచే వేగం మాత్రం సాధనతో మారతాయి. కాబట్టి ఈ కుర్రాడికి ఏది లోపించింది, అది సాధనతో పూడేదేనా, అలా పూడ్చుకునే అలవాటు వాడిలో ఇప్పటికే కనబడుతోందా అని అడగాలి.

బ్రేడెన్ పాయింట్ అనే ఆటగాడి సంగతి తీసుకో. 2014 డ్రాఫ్టులో టాంపా బే జట్టు అతణ్ని 79వ స్థానంలో తీసుకుంది. పొట్టివాడనీ, స్కేటింగ్ చాలదనీ మిగతావాళ్లు వెనకాడారు. చూపూ చేతులూ అప్పటికే ఉన్నాయి, లోపమంతా కాళ్లలోనే ఉంది. జంట ఫిగర్ స్కేటింగ్‌లో 1984లో ప్రపంచ విజేతగా నిలిచిన బార్బ్ అండర్‌హిల్ దగ్గర తన స్కేటింగ్‌ను దిద్దుకుని, 2022-23లో అతను 51 గోల్స్ కొట్టాడు. జో పావెల్‌స్కీది మరో దారి. 2003లో ఏడో రౌండులో, 205వ స్థానంలో అతణ్ని శాన్ హోసే తీసుకుంది. అతను వేగానికి పేరుపడ్డ ఆటగాడు ఎన్నడూ కాదు. ప్రాక్టీసు ముగిశాక గోల్ ముందు నిలబడి, దూరం నుంచి వచ్చే షాట్లను స్టిక్‌తో దారి మళ్లించడాన్ని ఏళ్ల తరబడి సాధన చేసి, 1,332 రెగ్యులర్ సీజన్ ఆటల్లో 1,068 పాయింట్లు (కొట్టిన గోల్స్, గోల్‌కు దారితీసిన పాస్‌లు కలిపి) సాధించాడు. వీళ్లిద్దరినీ కష్టజీవులని మెచ్చుకుని వదిలేస్తే సగమే చూసినట్టు. ఆ కష్టం ఫలించడానికి తగిన చూపు వాళ్లకు ముందే ఉంది. అది లేనివాడు ఎంత చెమటోడ్చినా, పక్ వెళ్లిపోయిన చోటికే చేరుతుంటాడు. నీ రెండో నివేదికలో ఆ కష్టజీవి చూపు గురించి ఒక్క వాక్యమూ లేదు.

ఇక కష్టపడే గుణాన్ని కంటితో కొలవడంలో ఉన్న ప్రమాదం చెబుతాను, ఎందుకంటే ఇందులో నేనే ఒకసారి పొరబడి, ఒక కుర్రాడికి అన్యాయం చేశాను. అతనొక సెంటర్, అంటే దాడి వరసలో మధ్యన ఆడేవాడు. నేను ఎప్పుడూ కూర్చునే మధ్య గీత పక్క సీటు నుంచి చూస్తే, మిగతావాళ్లు పరుగులు తీస్తుంటే అతను తీరిగ్గా జారుతున్నట్టు కనబడేవాడు. బద్ధకస్థుడని రాసేశాను, మా క్లబ్బు అతణ్ని వదిలేసింది. మరుసటి ఏడాది సీటు దొరక్క గోల్ వెనక నిలబడి అదే కుర్రాణ్ని చూశాను. మూలకు వెళ్లిన పక్ కోసం వెళ్తూ, దాన్ని చేరేలోపు మూడుసార్లు భుజం మీదుగా వెనక్కి చూశాడు. ఎవరు ఎటు వస్తున్నారో తెలుసుకున్నాడు కనుక, పక్ అందిన మరుక్షణమే అది సహచరుడి స్టిక్ మీద ఉంది. ఎదుటి జట్టుకు పక్ దొరికినప్పుడు కూడా రెండంటే రెండు అడుగుల్లో మధ్యకు వచ్చి పాస్ వెళ్లే దారి మూసేశాడు. అతనికి పరుగెత్తాల్సిన అవసరమే పడలేదు. ఆ రాత్రి ఇంటికి వచ్చి నా పాత నివేదిక తీసి చదువుకుంటే మనసు చివుక్కుమంది.

అందుకని నీ వింగర్ ఎంత వేగంగా తిరిగాడని కాదు, పక్ పోగొట్టుకున్న తర్వాతి మూడు సెకన్లలో ఏం చేశాడో చూడు. వెంటనే నడుము తిప్పి వెనక్కి అడుగులు వేశాడా, లేక విశాలంగా వంపు తిరుగుతూ చేతులెత్తేశాడా? నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోతున్న ఆటలో, చివరిదైన మూడో పీరియడ్‌లో చూస్తే ఇంకా మంచిది. కుదిరితే ప్రాక్టీసుకు కూడా వెళ్లు.

1993 డ్రాఫ్టు కథను చాలామంది, నైపుణ్యం ఒక్కటే చాలదనే నీతికథలా చెబుతారు. ఆటావా మొదటి స్థానంలో తీసుకున్న అలెగ్జాండర్ డేగ్ల్ 616 ఆటల్లో 327 పాయింట్ల దగ్గర ఆగిపోయాడు. హార్ట్‌ఫర్డ్ రెండో స్థానంలో తీసుకున్న క్రిస్ ప్రాంగర్ 2000లో లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ, మేటి డిఫెన్స్ ఆటగాడికిచ్చే నోరిస్ ట్రోఫీ రెండూ గెలిచి, 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. కానీ ప్రాంగర్ వెంటనే అలా తయారు కాలేదు, రెండేళ్లకే హార్ట్‌ఫర్డ్ అతణ్ని సెయింట్ లూయిస్‌కు ఇచ్చేసింది. పద్దెనిమిదేళ్లవాడి స్వభావాన్ని ఒక్క వాక్యంలో తేల్చేయడానికి నేను భయపడేది ఇందుకే.

డ్రాఫ్టులో ఎన్నో స్థానంలో ఎంచుకుంటున్నామన్నది కూడా లెక్కలోకి వస్తుంది. చివరి రౌండ్లకు వచ్చేసరికి నేనైతే నైపుణ్యం వైపే మొగ్గుతాను. నాలుగో లైన్‌లో (తక్కువసేపు ఆడే చివరి వరసలో) ఒళ్లు దాచుకోకుండా ఆడేవాళ్లు తర్వాతైనా తక్కువ ఖర్చుకు దొరుకుతారు, ఆటను మార్చగల చేతులు అలా దొరకవు. డెట్రాయిట్ 1998లో 171వ స్థానంలో పావెల్ దట్స్యుక్‌నూ, మరుసటి ఏడాది 210వ స్థానంలో హెన్రిక్ జెటర్‌బర్గ్‌నూ తీసుకుంది. ఆ దట్స్యుక్కే తర్వాత 2008 నుంచి వరుసగా మూడేళ్లు, రక్షణలోనూ మేటి ఫార్వర్డ్‌కు ఇచ్చే సెల్కీ ట్రోఫీ గెలిచాడు.

పుట్టిన తేదీలు కూడా రాయి. డ్రాఫ్టు అర్హతకు వయసు లెక్కగట్టే సెప్టెంబరు 15 గీత వల్ల ఒకే డ్రాఫ్టులో ఉన్న ఇద్దరి మధ్య దాదాపు ఏడాది తేడా ఉండవచ్చు, ఆ వయసులో ఏడాది అంటే చాలా ఎక్కువ.

ఈ రోజే చెప్పమంటే, నీ ఇద్దరిలో వింగర్‌నే ముందు పెడతాను. అయితే నివేదిక పంపకముందు, అక్టోబరులో నువ్వు గుర్తించిన అతని బ్యాక్‌హ్యాండ్ (స్టిక్ వెనక వైపుతో పక్‌ను ఆడే) లోపం ఫిబ్రవరికి తగ్గిందో లేదో వెళ్లి చూడు. ఈసారి గోల్ వెనక నిలబడి చూసి, ఏం కనబడిందో నాకు రాయి. దళసరి మేజోళ్లు వేసుకోవడం మరిచిపోకు.

ఇట్లు,
మీ మామయ్య