అన్నీ గెలిచినా పిలుపు రాని జట్టు: 1951 శాన్‌ఫ్రాన్సిస్కో డాన్స్

అమెరికాలో చదివినవాళ్లని మీరు అడిగింది ఇదీ: పాతకాలం కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా, అయినా పెద్ద పోటీకి పిలుపు రాని జట్టు ఏదైనా ఉందా, ఉంటే ఎందుకలా జరిగింది అని.

ఉంది. యూనివర్సిటీ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో (యూఎస్‌ఎఫ్), 1951. జట్టు పేరు డాన్స్, అంటే నాట్యం కాదు, డాన్ అనే మాటకి బహువచనం. ఆడింది 9 మ్యాచ్‌లు, గెలిచింది 9.

నాకు ఈ సంగతి తెలిసింది పుస్తకాల వల్ల కాదు. ఎంఎస్ చేసే రోజుల్లో గోల్డెన్ గేట్ పార్క్ పక్కనే నలుగురం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం, సాయంత్రం కేజార్ స్టేడియంలో పరుగుకి వెళ్లేవాణ్ని, టికెట్ లేదు ఏమీ లేదు, ఎవరైనా లోపలికి వెళ్లి ట్రాక్ మీద పరిగెత్తొచ్చు. అక్కడి మైదానానికి బాబ్ సెయింట్ క్లెయిర్ అని పేరు. రోజూ చెవులకి మఫ్లర్ చుట్టుకుని నడవడానికి వచ్చే ఒక పెద్దాయన్ని ఈయనెవరండీ అని అడిగా. అంతే, ఆ రోజు ఇంక పరుగు లేదు, రెండు రౌండ్లు ఆయన పక్కనే నడుస్తూ వినడమే సరిపోయింది. అడుగు కింద కాంక్రీటు తడితడిగా, ఎదురుగా గోల్‌పోస్టులు కూడా కనబడనంత పొగమంచు, ఆయన మాత్రం ఆగకుండా చెప్తూనే ఉన్నాడు. తర్వాత నేను చదివిన వాటితో కలిపి చెప్తున్నా.

ముందుగా ఒక్క మాట. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మన హైదరాబాద్ రహీం సాబ్ నేర్పిన ఆట కాదు, బంతి చంకలో పెట్టుకుని అవతలి గీత దాకా పరిగెత్తే ఆట. సీజన్ అయ్యాక కొత్త సంవత్సరం రోజుల్లో ఆరెంజ్ బౌల్, షుగర్ బౌల్, గేటర్ బౌల్ లాంటి ప్రత్యేక మ్యాచ్‌లు ఉంటాయి. అప్పట్లో వాటికి ఎవరిని పిలవాలన్నది నిర్వాహకుల ఇష్టం. పిలుపు వస్తే పేరు, డబ్బు రెండూ. ఆ డబ్బు ఈ కాలేజీకి చాలా అవసరం, ఫుట్‌బాల్ నడపడం అప్పటికే మోయలేని భారమైపోయింది.

కోచ్ జో కుహారిచ్. చండశాసనుడు, ఎండాకాలంలో కుర్రాళ్లని కార్నింగ్ అనే ఊరికి తీసుకెళ్లి ఆ మాడే ఎండలో ప్రాక్టీసు చేయించేవాడు. ఆటగాళ్లలో జీనో మార్చెట్టి అప్పటికే రెండో ప్రపంచ యుద్ధం చూసొచ్చిన మనిషి, బల్జ్ యుద్ధంలో పోరాడాడు. సెయింట్ క్లెయిర్ 6 అడుగుల 9 అంగుళాలు, పచ్చి మాంసం తినేవాడట! ఆలీ మాట్సన్, బర్ల్ టోలర్ ఇద్దరూ నల్లజాతి ఆటగాళ్లు, ఇద్దరూ సిటీ కాలేజ్ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చినవాళ్లే. జట్టు వార్తలు పత్రికలకి పంపే కుర్రాడు పీట్ రోజెల్, ఆ పేరు గుర్తుంచుకోండి.

అక్టోబర్‌లో న్యూయార్క్ వెళ్లి ఫోర్డమ్‌తో ఆడారు. తూర్పు పత్రికలవాళ్లు చూసేది అదొక్కటే కాబట్టి టెన్షన్ మామూలుగా ఉండదు. మాట్సన్ కిక్కాఫ్ (ఆట మొదలుపెడుతూ అవతలివాళ్లు తన్నిన బంతి) అందుకుని 94 గజాలు ఒకసారి, 90 గజాలు ఇంకోసారి, ఎవరికీ దొరకకుండా అవతలి గీత దాటేసి టచ్‌డౌన్ చేశాడు. 32-26తో గెలిచారు. అతను లేకపోతే ఆ రోజు ఓడేవాళ్లేనని నా అనుమానం. సీజన్ మొత్తానికి బంతితో పరిగెత్తింది 1,566 గజాలు, దేశంలోనే అందరికంటే ఎక్కువ, 21 టచ్‌డౌన్లు. అయినా ఆ ఏటి ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ఓట్లలో 9వ స్థానం! అదే అక్టోబర్‌లో ఓక్లహోమాలో జానీ బ్రైట్ అనే నల్లజాతి ఆటగాడి దవడని ప్రత్యర్థి కావాలని విరగ్గొట్టాడు, ఫొటోలు తీసిన ఇద్దరికీ పులిట్జర్ అనే పెద్ద పత్రికా బహుమతి వచ్చింది. కాలం ఎలాంటిదో అర్థం కావడానికి ఇది చెప్తున్నా.

తర్వాత శాంటా క్లారా మీద 26-7, పసిఫిక్ మీద 47-14, చివర్లో లయోలా మీద 20-2. ఇక పిలుపు రావడమే తరువాయి అనుకున్నారు. వచ్చిన కబురు వేరు: బౌల్‌కి రావొచ్చు, కానీ నల్లవాళ్లైన మాట్సన్, టోలర్ ఇద్దర్నీ ఇంటి దగ్గర వదిలి రావాలి. జట్టు కుదరదంటే కుదరదంది. ఆరెంజ్ బౌల్‌లో జార్జియా టెక్, బేలర్ ఆడాయి. వీళ్లు ఇళ్లకి వెళ్లిపోయారు.

నిర్వాహకులు పైకి చెప్పిన కారణం, మీరు ఆడిన జట్లు బలహీనమైనవి అని. ఇందులో కొంత నిజం లేకపోలేదు. శాన్‌హోజే స్టేట్‌తో రెండుసార్లు ఆడారు, సైనిక శిబిరాల జట్లు రెండు, కాల్ (బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ), స్టాన్‌ఫర్డ్ లాంటి పొరుగు పెద్దలు షెడ్యూల్‌లోనే లేరు. కానీ షెడ్యూలే అసలు అడ్డమైతే ఆ ఇద్దర్నీ వదిలేస్తే అది ఒక్కసారిగా గట్టిపడుతుందా? అది వంక, అంతే. ఇంకోటి, అందరూ జట్టు త్యాగం అనే రాస్తారు. తెల్లవాళ్లు వద్దనుకున్నారు, మెచ్చుకోవాల్సిందే. కానీ మాట్సన్‌కీ టోలర్‌కీ వద్దనుకునే అవకాశం కూడా ఎవరూ ఇవ్వలేదు, అవమానం వాళ్లది, పొగడ్త జట్టుది. నాకు అక్కడ కొంచెం ఇబ్బందిగా ఉంటుంది.

ఆ సీజన్ అవ్వగానే డబ్బుల్లేవని కాలేజీ ఫుట్‌బాల్‌నే ఎత్తేసింది. ఒక్క ఓటమి లేని జట్టుని!

ఆటగాళ్లు మాత్రం పైకొచ్చారు. మాట్సన్ 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం, రిలేలో రజతం తెచ్చాడు. మాట్సన్, మార్చెట్టి, సెయింట్ క్లెయిర్ ముగ్గురూ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. రోజెల్ చేతిలో 1959లో లాస్ ఏంజెలిస్ రామ్స్ జట్టు వ్యవహారాలున్నప్పుడు ఈ మాట్సన్ ఒక్కడి కోసం 9 మందిని ఇచ్చి తెచ్చుకున్నాడు. మరుసటేడు రోజెల్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి, అంటే అక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్‌కి, కమిషనరయ్యాడు. టోలర్‌కి 1952లోనే మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయింది, 1965లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తొలి నల్లజాతి మ్యాచ్ అధికారిగా (రెఫరీల్లో ఒకడిగా) మైదానంలోకి దిగాడు, 1980 సూపర్ బౌల్‌కీ, అంటే ఆ లీగ్ ఫైనల్‌కీ, చేశాడు. ఇవన్నీ చేస్తూనే శాన్‌ఫ్రాన్సిస్కోలో స్కూలు ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. నాకు ఈ జట్టులో ఎవరంటే ఇష్టం అని అడిగితే టోలర్ పేరే చెప్తా.

2017లో యూనివర్సిటీ తన హాస్టల్ భవనానికి ఫీలన్ హాల్ పేరు తీసేసి టోలర్ హాల్ అని పెట్టింది. ఈ ఫీలన్ ఒకప్పటి నగర మేయర్, కాలిఫోర్నియా తెల్లవాళ్లదిగానే ఉండాలని ప్రచారం చేసినాయన. ఆటవాళ్ల పేరు పెట్టడం పెద్ద విషయం కాదు, ఎవరి పేరు తీసి పెట్టారన్నది చూడాలి.

చూడాలంటే ఎన్-జుడా రైలెక్కి కేజార్ దగ్గర దిగండి, పాత స్టేడియం 1989లో కూల్చేసి చిన్నది కట్టారు కాబట్టి మరీ ఆశలు పెట్టుకోవద్దు. యూఎస్‌ఎఫ్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూద్దామని మాత్రం వెళ్లకండి. తర్వాత చిన్న స్థాయిలో మళ్లీ మొదలుపెట్టి అదీ ఆపేశారు, ఇప్పుడు అక్కడ బాస్కెట్‌బాలే.