కెటిల్ ఒక్కటే ఉన్న హాస్టల్ గదిలో ఒంటికి పట్టే తిండి ఎలా?

మీరు అడిగింది ఇదీ: విజయనగరంలో ఇంజనీరింగ్ హాస్టలు, గదిలో కెటిల్ తప్ప మరేదీ పెట్టుకోనివ్వరు, ఫ్రిజ్ లేదు. మెస్‌లో పొద్దున ఇడ్లీ లేదా ఉప్మా, రెండు పూటలా అన్నం, నీళ్ళ పప్పు, బంగాళాదుంప కూర. నీరసం, జుట్టు రాలడం మొదలయ్యాయి. గదిలోనే వండుకోవడం నేర్చుకోవాలా అని సందేహం.

వండుకోవద్దు. మెస్ డబ్బులు ఎలాగూ కడుతున్నారు, కడుపు నింపే అన్నం అక్కడ దొరుకుతోంది. గదిలో చేయాల్సింది మెస్ పెట్టనిదాన్ని మాత్రమే చేర్చుకోవడం: మాంసకృత్తులు, ఆకుకూర, పండు. ఈ మూడూ కెటిల్‌తో, ఒక వెడల్పు మూతి ఫ్లాస్క్‌తో అయిపోతాయి. గదిలో అన్నం, కూర వండుకోవాలని మొదలుపెట్టిన చాలామంది రెండు వారాల్లో గిన్నెలు తోమలేక నూడుల్స్‌కి వచ్చేస్తారు.

ముందు లెక్క చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 55 కిలోల అమ్మాయికి సుమారు 46 గ్రాములు, 65 కిలోల అబ్బాయికి 54. రోజు మొత్తం మీద 300 గ్రాముల బియ్యం అన్నం తిన్నారనుకుంటే అందులోంచి 20 గ్రాముల పైచిలుకు వస్తుంది. పల్చటి పప్పు, సాంబారు, కూర కలిపితే ఇంకో 7, 8. అంటే తక్కువ పడేది అమ్మాయికి 15 నుంచి 18 గ్రాములు, అబ్బాయికి 25 దాకా. రెండు గుడ్లతో 12, గుప్పెడు పుట్నాలతో (30 గ్రాములు) 6 వస్తాయి. అమ్మాయికి లోటు అక్కడికక్కడే తీరింది, అబ్బాయి ఇంకో గుడ్డు చేర్చుకుంటే దాదాపు సరిపోతుంది. పైగా బియ్యంలో తక్కువగా ఉండే లైసీన్ అనే అమైనో ఆమ్లం (మాంసకృత్తుల్లో ఒక భాగం) పప్పుల్లో దండిగా ఉంటుంది కాబట్టి అన్నంతో పాటు పుట్నాలో, పెసలో పడితే ఆ అన్నం కూడా ఒంటికి ఎక్కువ పనికొస్తుంది. మెస్‌లో పప్పు వడ్డించేటప్పుడు గరిటె అడుగు దాకా ముంచి వేయమని అడగండి, మొహమాటపడకండి. పైన తేలేది చారే.

కరెంటు సంగతి తిండికంటే ముందు తేల్చుకోవాలి. 1500 వాట్ల కెటిల్ 230 వోల్టుల మీద ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. గదిలోని చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. దానికి ఎక్స్‌టెన్షన్ పెట్టి, పక్క మంచం వాళ్ళ ఇస్త్రీ పెట్టె కూడా తగిలిస్తే ప్లగ్గు వేడెక్కి నల్లబడుతుంది. అందుకే కారిడార్‌లో 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ ఉంటే అక్కడ కాచుకోండి, లేదంటే 600 నుంచి 1000 వాట్ల లోపు కెటిల్ కొనుక్కోండి. నీళ్ళు మరగడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే. వార్డెన్‌కి చెప్పే పెట్టుకోండి. దుప్పటి కింద దాచి వాడే కెటిల్ వల్లే ప్రమాదం.

మామూలు కెటిల్‌లో నీళ్ళు, గుడ్లు తప్ప ఏదీ వేయకూడదు. నీళ్ళు మరిగాక ఆవిరి ఒక సన్నటి దారిలోంచి స్విచ్ దగ్గరి రెండు లోహాల రేకును తాకుతుంది, అది వంగి స్విచ్ పడిపోతుంది. మూత తెరిచి ఉంచితే ఆవిరి అటు వెళ్ళదు, కెటిల్ ఆగదు. పాలు, పిండి, నూడుల్స్ వేస్తే నురగ పొంగి ఆ దారి మూసుకుపోతుంది, అడుగు మాడుతుంది, ఆ మాడు వాసన మళ్ళీ పోదు. బోరు నీళ్ళయితే అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. అర లీటరు నీళ్ళలో రెండు నిమ్మకాయల రసం పిండి ఒకసారి మరిగించి, ఇరవై నిమిషాలు అలాగే ఉంచి కడిగితే పోతుంది.

గుడ్లు. నాలుగు గుడ్లను వాడే ముందు మాత్రమే కడగండి. ముందే కడిగి పెడితే పెంకు మీది సహజమైన పొర పోయి త్వరగా పాడవుతాయి. కెటిల్‌లో మెల్లగా దించి, మీద ఒక వేలు మందం నీళ్ళు నిలిచేలా పోయండి. స్విచ్ దానంతటది పడ్డాక మూత తీయకుండా 12 నుంచి 14 నిమిషాలు ఆగండి. ఆ వేడికే లోపలి పచ్చసొన గట్టిపడుతుంది. తర్వాత చన్నీళ్ళలో వేస్తే పెంకు సులువుగా వస్తుంది. నీళ్ళు మరీ తక్కువ పోస్తే త్వరగా చల్లారిపోయి సొన జారుగా ఉండిపోతుంది, ఎక్కువమందికి జరిగే పొరపాటు ఇదే. ముందే చిట్లిన గుడ్డు వేయకండి, తెల్లసొన కారి అడుగున అంటుకుంటుంది. గుడ్లు కాచిన కెటిల్‌లో టీ నీళ్ళు పెట్టుకోవాలంటే మధ్యలో సబ్బుతో తోమాల్సిందే, పెంకు మీద క్రిములు ఉంటాయి. ఫ్రిజ్ లేదు కాబట్టి మూడు నాలుగు రోజులకు సరిపడానే కొనండి. వేసవిలో అనుమానం వస్తే నీళ్ళ గిన్నెలో వేసి చూడండి, తేలిన గుడ్డు పారేయండి.

గుడ్డు తినని వాళ్ళకు నా మొదటి సలహా మీల్‌మేకర్. 25 గ్రాములు, అంటే గుప్పెడు, 13 గ్రాముల మాంసకృత్తులు ఇస్తుంది, పురుగు పట్టకుండా నెలల తరబడి డబ్బాలో ఉంటుంది. టిఫిన్ బాక్సులో వేసి చిటికెడు ఉప్పుతో మరిగే నీళ్ళు పోసి పది నిమిషాలు మూత పెట్టండి. నీళ్ళు పిండేసి, మళ్ళీ చన్నీళ్ళలో కడిగి ఇంకోసారి గట్టిగా పిండాలి. రెండోసారి పిండకపోతే పచ్చి వాసన అలాగే ఉంటుంది, చాలామంది ఒక్కసారికే మానేసేది అందుకే. మెస్‌కి బాక్సు తీసుకెళ్ళి బంగాళాదుంప కూరలోనో సాంబారులోనో కలుపుకోండి.

పెసల మొలకలు అందరూ చెప్తారు, ఎలా చెడిపోతాయో మాత్రం చెప్పరు. 50 గ్రాముల పెసలు రాత్రి ఎనిమిది గంటలు నానబెట్టి, నీళ్ళు పూర్తిగా వంచి, తడి గుడ్డలో వదులుగా మూటగట్టండి. మన దగ్గర చలికాలంలో పదహారు గంటలు, వేసవిలో పది పన్నెండు గంటలు చాలు. మధ్యలో ఒకటి రెండుసార్లు కడగాలి. మొలకకు నచ్చే వెచ్చదనం, తేమ బ్యాక్టీరియాకీ నచ్చుతాయి, అందుకే జిగురుగా ఉన్నా, పులుపు వాసన వచ్చినా అంతా పారేయాలి, కడిగి తినకూడదు. మంచి మొలకల్ని కూడా పచ్చిగా తినకండి. బాక్సులో వేసి మరిగే నీళ్ళు పోసి ఐదు నిమిషాలు మూతపెట్టి వంచండి, మళ్ళీ అదే చేయండి. ఆ తర్వాత ఉల్లిపాయ, నిమ్మరసం, పచ్చిమిర్చి. హాస్టల్ గదిలో గ్యాస్ట్రిక్ అని మాత్రలు మింగేవాళ్ళలో కొందరికి అసలు కారణం ఈ పచ్చి మొలకలే అయి ఉండొచ్చు.

ఉలవలు, బొబ్బర్లు, రాజ్మా మాత్రం ఫ్లాస్క్‌లో పెట్టకండి. ముఖ్యంగా రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. బాగా నానబెట్టి, కనీసం పది నిమిషాలు తెర్లుతూ ఉడికితేనే అది పోతుంది. ఫ్లాస్క్‌లోలా 80 డిగ్రీల దగ్గర నిలిచిపోతే పోకపోగా ఇంకా పెరుగుతుంది. నాలుగైదు గింజలతోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఉలవచారు కావాలంటే ఇంటికెళ్ళినప్పుడు తాగండి.

ఫ్లాస్క్‌కి సరిపోయేది చాయ పెసరపప్పు. 40 గ్రాములు గంటసేపు నానబెట్టండి. అర లీటరు స్టీలు ఫ్లాస్క్‌లో ముందుగా మరిగే నీళ్ళు పోసి ఐదు నిమిషాలుంచి పారబోయాలి, లేకపోతే ఫ్లాస్క్ గోడే వేడిని లాగేస్తుంది. నానిన పప్పు, సన్నగా తరిగి మూడు నీళ్ళలో కడిగిన గుప్పెడు పాలకూర, చిటికెడు పసుపు వేసి, అప్పుడే మరిగిన నీళ్ళు మెడ దాకా పోసి బిగించండి. గంటకు మెత్తబడుతుంది. ఉప్పు, నిమ్మరసం అప్పుడు. మిగిలినదాన్ని ఫ్లాస్క్‌లోనే సాయంత్రం దాకా ఉంచకండి, గోరువెచ్చగా నిలిచిన పప్పూ పాలూ క్రిములకు మంచి చోటు.

చోడి (రాగి) అంబలి మన ఉత్తరాంధ్ర పిల్లలకు చిన్నప్పటి అలవాటే. హాస్టల్‌కి రాగానే ఎందుకు మానేస్తారో నాకు అర్థం కాదు. 100 గ్రాముల చోళ్ళలో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, బియ్యంలో అది నామమాత్రం. ఇంటి దగ్గర దోరగా వేయించిన పిండి తెచ్చుకోండి, పచ్చి పిండితో కెటిల్ నీళ్ళ అంబలి పచ్చివాసన వేస్తుంది. మూడు చెంచాల పిండి (సుమారు 30 గ్రాములు) అర గ్లాసు చన్నీళ్ళలో ఉండ లేకుండా కలపండి. వేడినీళ్ళలో పిండి వేస్తే ఉండలు తప్పవు. దాన్ని వేడెక్కిన ఫ్లాస్క్‌లో పోసి, గ్లాసున్నర మరిగే నీళ్ళు ధారగా పోస్తూ కలిపి, ఇరవై నిమిషాలు మూత బిగించండి. చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిముక్కలు. పొద్దున క్లాసుకి ముందు ఇది ఒక గ్లాసు, గుడ్డు ఒకటి ఉంటే మెస్‌లో ఇడ్లీ దొరకని రోజు కూడా గండం గడిచిపోతుంది.

ఇంటి నుంచి వచ్చేటప్పుడు ఊరగాయ జాడీ కాదు, పొడులు తెచ్చుకోండి. ఊరగాయతో అన్నం ఎక్కువ దిగుతుంది, ఉప్పు ఎక్కువవుతుంది, అంతకుమించి ఒరిగేది లేదు. కందిపప్పు 200 గ్రాములు, పుట్నాలు 100, ఎండుమిర్చి ఎనిమిది, జీలకర్ర చెంచా, ఉప్పు తగినంత. పప్పు సన్నని సెగ మీద ఎర్రగా వేయించి పొడి కొట్టించండి. మొదటి ముద్దలో రెండు చెంచాలు కలిపితే నాలుగైదు గ్రాముల మాంసకృత్తులు అదనం. నీడలో ఆరబెట్టిన మునగాకు పొడి వేరే సీసాలో. తడి చెంచా ఒక్కసారి పెట్టారంటే వానాకాలంలో బూజు పట్టడం ఖాయం. వేరుశెనగ గుళ్ళు కూడా పావుకిలో చొప్పునే కొనండి. ముడతలు పడిన, రంగు మారిన, చేదు గింజ తినకూడదు, బూజు వల్ల వచ్చే అఫ్లాటాక్సిన్ వేయించినా పూర్తిగా పోదు.

కూరగాయలు, పళ్ళకి దాసన్నపేట రైతుబజారుకో, ఆర్ అండ్ బి దగ్గరి దానికో వారానికి రెండుసార్లు వెళ్ళండి. ఆ రోజు ధర బోర్డు మీద ఉంటుంది. కీర, క్యారెట్, టమాటా పచ్చిగా తినేవి. పండు మాత్రం కాలాన్ని బట్టి: చలికాలంలో జామ, ఉసిరి, వానలు పడ్డాక సీతంపేట వైపు నుంచి వచ్చే అనాస, వేసవిలో మామిడి, పనస, ఏడాది పొడవునా అరటి. వీటిలో జామకే నా ఓటు. భోజనం కాగానే ఒక జామకాయ తింటే అందులోని విటమిన్ సి అన్నంలో, ఆకుకూరలో ఉన్న ఇనుమును ఒంటికి ఎక్కిస్తుంది. టీ దానికి సరిగ్గా అడ్డం, భోజనానికి గంట ముందూ గంట వెనకా మానండి. బెల్లం, పల్లీ చిక్కీ ఇనుము కోసమని తినేవాళ్ళున్నారు. పది గ్రాముల బెల్లంలో ఉండేది అర మిల్లీగ్రాము. అమ్మాయిలకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి.

పెరుగు సాయంత్రం చిన్న ప్యాకెట్ కొని ఆ పూటే అవగొట్టండి. పాలైతే తెరిచేదాకా బయట నిలవుండే 200 మిల్లీలీటర్ల టెట్రా ప్యాక్ మేలు.

నీరసం, జుట్టు రాలడం రెండూ ఉన్నాయన్నారు కాబట్టి తిండి మార్పుతో పాటు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి, ప్రభుత్వ ఆసుపత్రిలో అయిపోతుంది. ఆడవాళ్ళకు 12 గ్రాముల కన్నా తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క, అప్పుడు తిండి ఒక్కదానితో త్వరగా కోలుకోలేరు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. డాక్టరు చెప్పిన మోతాదులో నిమ్మనీళ్ళతో వేసుకోండి, పాలతోనూ టీతోనూ వద్దు. కడుపులో తిప్పితే అన్నం తిన్నాక వేసుకోండి. మలం నల్లబడుతుంది, ఆ మాత్రలతో అది మామూలే, అది చూసి మధ్యలో ఆపేయకండి.