డైరెక్షన్ కోసం ఉద్యోగం మానేయొచ్చా? ఆ పని చేసినవాళ్లకి జీవితం ఎలా కనిపిస్తుంది?

విజయనగరంలో ఉద్యోగం చేసుకుంటున్నానని, డైరెక్షన్ అంటే పిచ్చి అని, మానేసి హైదరాబాద్ వెళ్లిపోవాలా వద్దా అని అడిగారు. నేను ఆ పనిలో పదకొండేళ్లు ఉన్నాను. ఏడేళ్లు అసిస్టెంట్‌గానే గడిచాయి. సొంతంగా తీసింది ఒక్కటే, చిన్న సినిమా. పేరు చెప్పినా మీరు విని ఉండరు. కాబట్టి హిట్లు కొట్టినవాళ్లు ఇంటర్వ్యూల్లో చెప్పే మాటలు నా దగ్గర దొరకవు.

మాది శ్రీకాకుళం జిల్లా, గార దగ్గర పల్లె. కళింగపట్నం సముద్రానికి సైకిల్ మీద పోయేవాళ్లం. వంశధార సముద్రంలో కలిసేది అక్కడే, లైట్‌హౌస్ కూడా అక్కడే. చిన్నప్పటి ఆదివారాలన్నీ ఆ ఇసుకలోనే. అలాంటివాణ్ని, నా సినిమా చివరి సీను ఏమని రాశానో తెలుసా? హీరోయిన్ తండ్రి ఒడ్డున ఒంటరిగా కూర్చుని ఉంటాడు, ఎదురుగా సూర్యుడు సముద్రంలో మునిగిపోతుంటాడు. హైదరాబాద్‌లో పదిమందికి వినిపించాను. అందరూ బాగుందన్నారు. నిర్మాత అయితే కళ్లు కూడా తుడుచుకున్నాడు.

లొకేషన్ చూసుకోడానికి వచ్చినప్పుడు, మాకు పడవ మాట్లాడిపెట్టిన ముసలాయనకి ఈ సీను చెప్పాను. బీడీ తీసి పక్కన పెట్టి నా మొహంలోకి చూశాడు.

"పొద్దు మన సంద్రంలో పుడతాది గానీ, మునుగుతాదేటి బాబూ?"

తూర్పు తీరం కదా మనది. పొద్దు కుంకేది మా వీపు వెనక, కొబ్బరిచెట్ల అవతల. చిన్నప్పటి నుంచి రోజూ చూసినదాన్ని మర్చిపోయి, ముంబైలోనో గోవాలోనో తీసిన సినిమాల్లోని సూర్యాస్తమయాన్ని తెచ్చి మా ఊరికి అంటగట్టాను. జేబులో పది రూపాయలు లేని రోజుల్లో కూడా నాకు అంత భయం వేయలేదు. సినిమాలు చూసీ చూసీ, వాటి గురించే మాట్లాడీ మాట్లాడీ, చివరికి కళ్లు కూడా అరువు తెచ్చుకున్నవే అయిపోయాయన్నమాట. మీరు ఎవరి దగ్గర చేరినా ఈ రోగం పట్టుకోక మానదు, ముందే చెబుతున్నాను.

సీను తెల్లవారుజాముకి మార్చాం. దాంతో కొత్త కష్టం మొదలైంది. బింబం అంచు కనిపించిన దగ్గర్నుంచి మొత్తం నీళ్ల పైకి రావడానికి రెండు, రెండున్నర నిమిషాలే. ఏ మూల లేస్తుందో ముందురోజే చూసి కెమెరా ఎక్కడ పెట్టాలో గుర్తు పెట్టుకోవాలి. మొదటిరోజు నటుడికి గడ్డం అంటించడం ఆలస్యమైంది. రెండోరోజు సరిగ్గా నీళ్ల అంచు మీదే మబ్బు. మూడోరోజు అన్నీ కుదిరాయి గానీ కెమెరాలో కార్డు నిండిపోయిందని ఎవరూ చూసుకోలేదు. నాలుగోరోజు దొరికింది. నాకు పని నేర్పిన డైరెక్టర్ ఫిల్ము కాలం మనిషి. 400 అడుగుల రోల్ పెడితే నాలుగున్నర నిమిషాలు కూడా వచ్చేది కాదు, పైగా అడుగడుగుకీ డబ్బు. అందుకే ఆయన 'యాక్షన్' అనే ముందు సెట్లో అందరి మొహాలూ ఒకసారి చూసేవారు. అప్పట్లో చాదస్తం అనుకునేవాణ్ని. మూడు పొద్దులు పోగొట్టుకున్నాక, నాలుగోరోజు నేనూ అదే చేశాను.

మీరు విజయనగరంలో ఉన్నారు కాబట్టి ఇంకో మాట. గురజాడ వారి ఇంటి మీదుగా ఎప్పుడో ఒకప్పుడు వెళ్లే ఉంటారు. కన్యాశుల్కం 1892లో మీ ఊళ్లోనే ఆడారు, 1897లో అచ్చయింది. జనం మెచ్చిన నాటకమే. అయినా ఆయన దాన్ని దాదాపు కొత్తగా తిరగరాసి 1909లో మళ్లీ అచ్చు వేయించారు. ఇవాళ మనం చదివేది ఆ రెండోదే. నా స్క్రిప్టు మూడుసార్లు దిద్దానని నేను చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాను లెండి.

ఇంటి సంగతి. ఇంటర్వ్యూల్లో 'నా కష్టాలు' అంటుంటారు చూడండి, మా ఇంట్లో ఆ కష్టం మా ఆవిడది. టీచర్ జీతంతో ఏడేళ్లు ఇల్లు నడిపింది, అద్దె, పాప ఫీజు, మా అమ్మ మందులు అన్నీ. నేను సెట్లో కంటిన్యుటీ రాసేవాణ్ని, అంటే ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ తేడా రాకుండా చూసుకునే లెక్క. హీరో చొక్కాకి పైనుంచి ఎన్నో గుండీ విప్పి ఉంది, గ్లాసులో టీ ఎంతవరకు ఉంది, అన్నీ పుస్తకంలో ఉండాలి. ఒకసారి రెండు నెలల తర్వాత ఇంటికొస్తే పాపకి ముందుపళ్లు రెండూ లేవు. ఎప్పుడు ఊడాయే అని అడిగితే, "ఫోన్లో చెప్పాను కదా నాన్నా" అంది. చెప్పే ఉంటుంది.

డబ్బుల విషయం ఒక్క ముక్కలో చెప్తాను. ఒక సంస్థ నాకు మూడు నెలల జీతం ఎగ్గొట్టింది, పేరెందుకు. అంతా నోటిమాట మీదే నడుస్తుంది కాబట్టి అడగడానికి నా చేతిలో కాగితం లేదు. మీరు ఎంత చిన్న పనికైనా రాయించుకోండి. మొహమాటపడకండి.

ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానకండి. నెలరోజులు సెలవు పెట్టి ఏదైనా ఒక షెడ్యూల్లో క్లాప్ కొట్టే పనైనా చేయండి. పొద్దున్నే నాలుగింటికి లేచి, మధ్యాహ్నం వరకు ఎవరి కోసమో కాచుకుని, సాయంత్రం తిట్లు తిని, రాత్రి మళ్లీ రేపటి సీను గురించి ఆలోచన వస్తోందా లేదా చూసుకోండి. రాకపోతే మీ అదృష్టం. వస్తే నేను చెప్పినా ఆగరు, అప్పుడు ఇంట్లోవాళ్లతో కూర్చుని ఎన్నాళ్లు, ఎంత అప్పు వరకు అనేది మాట్లాడుకోండి.

నా సినిమా వారం ఆడింది. పడవ ముసలాయన దాన్ని మనవడి ఫోన్లో చూశాడట. పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఒడ్డు మీద కనిపించాడు. ఏమంటాడోనని కాసేపు నిలబడ్డాను, కొంచెం టెన్షన్‌గానే.

"పొద్దు బాగానే తీసినావు బాబూ. ఆ నాలుగో రోజు పడవ డబ్బులు ఇంకా రావాల."

జేబులో ఎంతుందో చూసుకున్నాను. సరిపోయింది.