గేమ్ కరెన్సీ అమ్మకం కెరీర్ అవుతుందా?

ప్రశ్న: మాది అల్లూరు దగ్గర పల్లె, రొయ్యల గుంటలున్నాయి. మావాడు నెల్లూరులో బీకాం రెండో ఏడాది. బీజీఎంఐ అనే మొబైల్ గేమ్ ఐడీలు, అందులో వాడే కరెన్సీ యూసీ తక్కువకి కొని అమ్ముతూ నెలకి పది వేల దాకా చూస్తున్నాడు. ఈమధ్య టెలిగ్రామ్‌లో ఎవరో వాడి ఖాతాలో డబ్బు వేసి, కమీషన్ ఉంచుకుని మిగతాది వేరే నంబరుకి పంపమంటున్నారట. చదువు కంటే ఇదే మేలంటాడు. ఏం చెప్పమంటారు?

జవాబు: ముందు ఆ కమీషన్ పని ఈరోజే ఆపించండి. కెరీర్ సంగతి తర్వాత.

కౌంటు రేటు కంటే సగానికి రొయ్యలిస్తానని ఎవడైనా వస్తే, ఎవరి గుంటలోంచి ఎత్తుకొచ్చావని అడగరూ? ఇదీ అంతే. 'ప్లేయర్ ఐడీ పంపు, యూసీ సగం ధరకే ఎక్కిస్తాం' అనేవాడు చాలాసార్లు కొట్టేసిన కార్డుతో కొంటాడు. కార్డు యజమాని ఫిర్యాదు చేస్తే గేమ్ కంపెనీ డబ్బు వెనక్కివ్వాలి, ఐడీ బ్యాన్ అవుతుంది. ఈలోపు మీవాడు కట్టిన డబ్బు మాత్రం దొంగ చేతిలో తెల్లగా ఉంటుంది. కౌంటర్ స్ట్రైక్ ఆట నడిపే వాల్వ్ కంపెనీ 2019 అక్టోబరులో, ఆటలో పెట్టెలు తెరిచే తాళంచెవులను కొత్తగా కొన్నవాళ్లు మరొకరికి అమ్మకుండా ఆపేసింది. చేతులు మారుతున్న వాటిలో దాదాపు అన్నీ మోసం సొమ్ముతో కొన్నవేనని తానే చెప్పింది.

ఖాతా అద్దెకివ్వడం ఇంకా ప్రమాదం. అందులో పడేది ఎవరో మోసపోయినవాళ్ల డబ్బయితే, వాళ్లు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఖాతా ఫ్రీజ్ కావచ్చు. తెలిసి సాయపడితే 2002 నాటి మనీ లాండరింగ్ చట్టం కింద మూడు నుంచి ఏడేళ్ల కఠిన శిక్ష. ఇప్పటికే డబ్బు పడి ఉంటే వాళ్లు చెప్పిన నంబరుకి పంపొద్దు. బ్యాంకుకి కాగితం మీద రాసిచ్చి, రసీదు తీసుకోండి. టెలిగ్రామ్ చాట్ డిలీట్ చేయనివ్వకండి. టెన్షన్‌లో పిల్లలు మొదట చేసేది అదే.

'ఈ-స్పోర్ట్స్‌ని ప్రభుత్వమే గుర్తించింది కదా' అంటాడు. 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం గుర్తించింది పోటీల్లో ఆడటాన్ని, యూసీ బేరాన్ని కాదు.

అయితే వాడి బుర్రని తీసిపారేయను. ఏ ధర అనుమానంగా ఉంది, ఏ ఐడీ కొత్తగా పుట్టింది అని కనిపెట్టే చూపు బ్యాంకులకు కావాలి. హైదరాబాద్‌లో పెద్ద బ్యాంకుల ఆఫీసుల్లో కేవైసీ, ట్రాన్సాక్షన్ మానిటరింగ్ ఉద్యోగాలకి బీకాం వాళ్లనీ తీసుకుంటారు. సిస్టమ్ అలర్ట్ ఇచ్చిన లావాదేవీని చూసి, ఇది ఎందుకు అనుమానమో ఇంగ్లీషులో నాలుగు పేరాలు రాయడం ఆ పని. నిజంగా తేడా ఉంటే బ్యాంకు దాన్ని ఢిల్లీలోని కేంద్ర ప్రభుత్వ ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కి పంపుతుంది. మన జిల్లా పిల్లలు తరచుగా ఆగిపోయేది ఆ నాలుగు పేరాల దగ్గరే. కాబట్టి డిగ్రీ పూర్తయ్యేలోపు ఎక్సెల్, ఇంగ్లీషు రాత మీద కూర్చోబెట్టండి. సాంకేతికం వైపు ఇష్టముంటే జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ పీజీ కోర్సులున్నాయి, కానీ బీకాంతో దేనికి అర్హత ఉందో నోటిఫికేషన్ చూసుకోవాలి.

మనీ లాండరింగ్ అడ్డుకునే పనికి ఇచ్చే సీఏఎంఎస్ సర్టిఫికెట్ అంటూ కోచింగ్ వాళ్లు ఫోన్ చేస్తే ఇప్పుడే ఫీజు కట్టకండి. అది అనుభవం వచ్చాక రాసే పరీక్ష, కొన్ని కంపెనీలు ఆ ఫీజు తామే కడతాయి.